నీటి అడుగున నిబ్బరము

భారతకథ విన్నవారికి జలస్తంభనము క్రొత్త మాట కాదు. కురుక్షేత్రమున సేనలన్నియు నశించిన పిదప దుర్యోధనుడు ద్వైపాయన హ్రదము సొచ్చి, నీటిని స్తంభింపజేసి, అందు విశ్రమించెనని శల్యపర్వ కథ. తిక్కన సోమయాజి తెనుగు చేసిన ఆ ఘట్టమును పురాణకాలక్షేపములలో విన్నవారు మనలో పెక్కుమంది ఉందురు. అది మంత్రబలముచే జరిగిన పని. మంత్రముతో నిమిత్తము లేకుండ, పీల్చిన ఒక్క ఊపిరితో నీటి అడుగునకు దిగి, తెలివి తప్పకుండ మరల పైకి వచ్చు విద్య యొకటి నేడు అనేక దేశములలో వ్యాయామముగను, పోటీగను సాగుచున్నది. దానికి ఫ్రీడైవింగు అని పేరు. ఇందు వీపున గాలిసీసా ఉండదు, నోట గొట్టముండదు. మునుగువానికి దేహమే పనిముట్టు; దానిని నడుపునది మనస్సు.

ఈ విద్యను గూర్చి మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతముల శ్రోతలకు చెప్పుట ఏల యని కొందఱు అడుగవచ్చును. సముద్రము ఇచ్చటికి వందల కిలోమీటర్ల దూరము. ఇచ్చట ఉన్నవి చెరువులు, వ్యవసాయపు బావులు, రాయి కొట్టి విడిచిన క్వారీ గుంటలు, ఈ మధ్య వెలసిన ఈతకొలనులు. చెప్పవలసిన కారణము అదియే. సముద్రమున దీనిని నేర్చువారికి చాలవఱకు గురువుండును, త్రాడుండును, ప్రక్కన తోడుండును. మన పిల్లలకు ఇవి ఏవియు లేకయే విద్య పట్టుబడుచున్నది. వేసవి సెలవులలో బావిగట్టుపై నిలిచి, తెల్లని గులకరాయినో రూపాయి బిళ్లనో నీట విడుతురు. దానిని అడుగునుండి తెచ్చినవాడు గెలిచినట్లు. ఎవడు ఎక్కువసేపు మునిగియుండునో వాడు మొనగాడు. ఈ ఆట తాతలనాటిది. కాని ఆ తాతలనాడు గట్టుపై పెద్దవాడొకడు మోట తోలుచుండెడివాడు. మోటలు పోయి బోరుబావులు వచ్చిన తరువాత పాతబావుల దగ్గఱ పెద్దల సంచారము తగ్గినది. ఆట మాత్రము మిగిలినది; చేతిఫోనులో చూచిన సాహసదృశ్యములు దానికి తోడైనవి. ఈతకొలనులలోనైతే అడ్డముగా ఒక కొసనుండి మఱియొక కొసకు ఊపిరి తీయకుండ పోవు పందెము కలదు. లోతు లేని నీరు గదా యని తల్లిదండ్రులు నిశ్చింతగా నుందురు. ఆ నిశ్చింతకు ఆధారము లేదని చెప్పుటయే మా మొదటి పని.

ఊపిరి బిగబట్టిన కొంతసేపటికి గొంతులో, రొమ్ములో ఒక తహతహ పుట్టును. అది దేనికి సూచన? ప్రాణవాయువు తఱిగిపోయినదనుటకు సూచన యని చాలమంది తలంతురు. అట్లు కాదు. శరీరము ప్రాణవాయువును వాడుకొనుచున్నకొలది రక్తములో బొగ్గుపులుసు వాయువు పేరుకొనుచుండును. మెదడు దిగువభాగమున ఊపిరిని నడుపు కేంద్రము ముఖ్యముగా కనిపెట్టి చూచునది ఈ రెండవ వాయువునే. 1905లో హాల్డేను, ప్రీస్ట్‌లీ అను బ్రిటిషు శాస్త్రజ్ఞులు దీనిని ప్రయోగములచే స్థాపించిరి. ఇంటిలో బియ్యము ఎంత ఖర్చైనదో బియ్యపుకుండలో చూడక, పొయ్యిలోని బూడిదను చూచి లెక్కకట్టుట వంటి ఏర్పాటిది. మామూలుగా ఈ లెక్క తప్పదు. వంట ఎంత జరిగిన బూడిద అంత. కాని ఎవరైనను ముందుగానే పొయ్యి ఊడ్చి, బూడిద ఎత్తిపోసినచో? పొయ్యి శుభ్రముగా కనబడుచుండగనే కుండ అడుగంటును.

నీట మునుగుటకు ముందు గబగబ, గాఢముగ, పది ఇరువది మార్లు ఊపిరి పీల్చి విడుచువారు చేయు పని అదియే. ఆ విధముగా చేసినచో ప్రాణవాయువు నిండుగా చేరునని వారి నమ్మకము. కాని ఆరోగ్యవంతుని రక్తము కదలక కూర్చున్నప్పుడే నూటికి 97, 98 పాళ్లు ప్రాణవాయువుతో నిండియుండును. ఇంక చేరవలసినది అత్యల్పము. తగ్గునది మాత్రము బొగ్గుపులుసు వాయువు. దానితో తహతహ ఆలస్యముగా పుట్టును, లేదా పుట్టకయే పోవును. మునిగినవానికి లోన ఎంతో హాయిగా నుండును. ‘ఇంకొంచెము పోగలను’ అని అనిపించుచుండగనే మెదడునకు ప్రాణవాయువు చాలక తెలివి తప్పును. పెనుగులాట ఉండదు, కేక ఉండదు. గట్టుపైనున్నవారు వాడింకను పందెములోనే ఉన్నాడనుకొందురు. అమెరికాలో ఆల్బర్టు క్రెయిగ్ అను వైద్యుడు ఇట్లు తెలివి తప్పిన ఈతగాండ్ర సంగతులు విచారించి 1961లో ప్రకటించిన వ్యాసమున ఈ కారణమునే విశదీకరించెను. నీరు నడుములోతు ఉన్నను ఈ ప్రమాదము తప్పదు. దీనికి లోతుతో సంబంధము లేదు.

ఇచ్చట యోగాభ్యాసపరులకు ఒక ముఖ్యవిషయము మనవి చేయవలెను. టెలివిజనులో చూచి భస్త్రిక, కపాలభాతి చేయువారు నేడు ఇంటింట నున్నారు. నేలపై, పీటపై కూర్చుండి, తెలిసినవారి వద్ద నేర్చి చేసినచో మాకేమియు ఆక్షేపణ లేదు. కాని అవి చేసిన వెంటనే నీట మునుగుట, పైన చెప్పినట్లు పొయ్యి ఊడ్చి కూర్చుండుటయే యగును. ప్రాణాయామము వలన ఊపిరి పెరుగును గదా, అది చేసి దిగినచో మంచిదే గదా యని వాదించు యువకులు ఎదురగుచుందురు. ప్రాణాయామములన్నియు ఒకటి కావు. మునకకు పనికివచ్చునది నెమ్మదియైన పూరకము, అంతకన్న నెమ్మదియైన రేచకము. వేగము ఎంతమాత్రము పనికిరాదు.

ఇక లోతు సంగతి. సముద్రములో సుమారు 10 మీటర్లు దిగుసరికి మీదనున్న గాలి యొత్తిడికి సమానమైన ఒత్తిడి నీటివలన అదనముగా చేరును. మన ప్రాంతము సముద్రమట్టమునకు 500 మీటర్లకు పైగా ఎత్తున ఉన్నందున ఇచ్చటి గాలి యొత్తిడి కొంచెము తక్కువ. శామీర్‌పేట వంటి చోట మంచినీటిలో సుమారు 9.7 మీటర్లకే ఒత్తిడి రెట్టింపగును. ఒత్తిడి రెట్టింపైనచో ఊపిరితిత్తులలోని గాలి సగమగును. పైన 6 లీటర్ల గాలి నింపుకొన్నవానికి సముద్రములో 10 మీటర్ల వద్ద 3 లీటర్లు, 20 మీటర్ల వద్ద 2 లీటర్లు, 30 మీటర్ల వద్ద లీటరున్నర మిగులును. ఈ లెక్కలో గమనింపదగినది, పెద్ద మార్పంతయు తొలి 10 మీటర్లలోనే జరుగుచున్నది. ముప్పదినుండి నలుబదికి పోవునప్పుడు కలుగు మార్పు దానిలో కొద్దిభాగమే. లోతైన బావిలో దిగువాడు సముద్రపు మునకలోని కఠినమైన అంచెనే దాటుచున్నాడన్నమాట.

దిగునప్పుడు మేలు చేసిన ఒత్తిడి, ఎక్కునప్పుడు అప్పు వసూలు చేయును. 20 మీటర్ల లోతున ఊపిరితిత్తుల గాలిలో ప్రాణవాయువు నూటికి 8 పాళ్లు మాత్రమే మిగిలినదనుకొందము. అచ్చట ఒత్తిడి మూడింతలు గనుక అది నేలపై 24 పాళ్లున్నట్లే పనిచేయును. మునిగినవాడు తెలివిగానే ఉండును. అతడు పైకి వచ్చుచున్నకొలది ఒత్తిడి తగ్గి, ఆ ఎనిమిది ఎనిమిదిగానే మిగులును. అంతటితో తెలివి నిలువదు. అందుచేతనే లోతున కాక, పైకి వచ్చు చివరి కొలది మీటర్లలోను, తల నీటిపైకి వచ్చిన పిదప కొన్ని క్షణములలోను ఎక్కువమంది తెలివి తప్పుదురు. వెలుగు కనబడినది, గండము గడిచినది అనుకొను చోటనే గండమున్నది.

మనుష్యుడు ఒక్క ఊపిరితో ఎంత లోతు పోగలడు? 1949లో రైమొండో బూకెరు అను ఇటలీ దేశీయుడు 30 మీటర్లు దిగెను. ఊపిరితిత్తులు లీటరున్నరకు కుదించుకొనిన తరువాత ఇంక కుదియజాలవు, ఆ పైన రొమ్ము పగులునని ఆనాటి వైద్యుల లెక్క. 1961లో ఎంజో మయోర్కా 50 మీటర్లు దిగి బ్రతికి వచ్చెను. లెక్క ఎచ్చట తప్పినది? అమెరికా నౌకాదళమున పనిచేయుచు 1968లో 73 మీటర్లు దిగిన రాబర్టు క్రాఫ్టు అనునాతని పరీక్షించినప్పుడు తేలినది. లోతున కాలుసేతుల రక్తము రొమ్ములోనికి చేరి, గాలి విడిచిన తావును నింపుచున్నది. గాలివలె రక్తము కుదియదు గనుక రొమ్ము నిలుచుచున్నది. 1976లో ఫ్రాన్సు దేశీయుడు జాక్ మయోల్ ఎల్బా ద్వీపము వద్ద 100 మీటర్లు అందుకొనెను. ఇతడు యోగాభ్యాసమును శ్రద్ధగా పట్టినవాడు. 2007లో ఆస్ట్రియా దేశీయుడు హెర్బర్టు నిట్ష్ బరువుగల బండి నూతగొని 214 మీటర్లు దిగెను. అతడే 2012లో అంతకు మించి పోబోయి, రక్తమున నత్రజని బుడగలు కట్టి, మెదడు దెబ్బతిని, చావు తప్పి బయటపడెను. నీటిపై కదలక తేలుచు ఊపిరి బిగబట్టు పోటీలో 2009లో ఫ్రాన్సు దేశీయుడు స్తెఫాన్ మిఫ్సూ 11 నిమిషముల 35 సెకండ్లుండెను. ఈ అంకెలు చెప్పుట పిల్లలను ఉసికొల్పుటకు కాదు. వీరందఱును అనేక సంవత్సరములు మీటరు మీటరుగా పెంచుకొనుచు పోయినవారు; ఒక్క వేసవిలో ఎవరును అచ్చటికి చేరలేదు.

ఈ శక్తి మొలకగా అందఱి దేహములలోను ఉన్నది. ఊపిరి బిగబట్టి ముఖము చల్లని నీట ముంచినంతనే గుండె నెమ్మదించును, కాలుసేతులకు పోవు రక్తము తగ్గి, గుండెకు, మెదడునకు దక్కును. సీలు, బాతు మొదలగు ప్రాణులలో ఈ గుణము మిక్కుటము. ప్లీహము కూడ కొంత ముడుచుకొని, తాను దాచియుంచిన ఎఱ్ఱ రక్తకణములను రక్తములోనికి వదలును. తరతరములుగా మునిగి బ్రతుకుచున్న ఇండొనీషియా బజావు జాతివారి ప్లీహములు ఇరుగుపొరుగు జాతివారి వానికన్న ఇంచుమించు సగము పెద్దవని 2018లో ప్రకటింపబడిన ఒక పరిశోధన తెలిపినది. కొరియాలోని జేజూ ద్వీపమున ముదుసలి స్త్రీలు సైతము గాలిసీసా లేకుండ సముద్రమున మునిగి ఆలిచిప్పలు, నత్తలు ఏరి తెత్తురు. వారి సంప్రదాయమును 2016లో యునెస్కో తన వారసత్వ పట్టికలో చేర్చినది. వారు ఒంటరిగా పోరు; గుంపుగా పోదురు. పైకి వచ్చినప్పుడు ఈలవంటి ధ్వనితో ఊపిరి విడుతురు, ఆ ధ్వని తోటివారికి తాను క్షేమమను కబురు.

మన దేశమున మన్నారు సింధుశాఖలో ముత్యములకై మునిగినవారికి పడవపై త్రాడు పట్టిన జతగాడొకడు తప్పక ఉండెడివాడు. రాయి ఆధారముగా దిగిన మనిషిని పైకి లాగు భారము వానిది. మన తెలుగునాట రాజమహేంద్రవరము వద్ద పడవలపై గోదావరి నడుమకు పోయి, మునిగి, బకెట్లతో ఇసుక తోడు పనివారున్నారు. ఈ విద్యను వినోదముగా కాక కూటికొఱకు చేయువారు వారు. పడవ, గెడ, ప్రక్కన మఱియొక మనిషి, ఇవి లేక వారును దిగరు. వేలకొలది మునకలు మునిగినవాడే తోడు లేక దిగనప్పుడు, నిన్న ఈత నేర్చినవాడు ఒంటరిగా దిగుటలో పౌరుషమేమున్నదో మాకు బోధపడదు.

దేహమునకు శిక్షణ నేలపై మొదలగును. మొట్టమొదట ఊపిరి తీయు తీరు నేర్వవలెను. మనలో పెక్కుమంది భుజములెగురవేయుచు రొమ్ము పైభాగముతో పీల్తురు. వెల్లకిల పరుండి, పొట్టపై చేయి ఉంచుకొని, ఆ చేయి లేచునట్లు పీల్చి, పీల్చినదానికి రెట్టింపు కాలము తీసికొని విడుచుట అభ్యసింపవలెను. మునకకు ముందు రెండు మూడు నిమిషములు ఇట్లు మామూలుగ, నెమ్మదిగ ఊపిరి తీసి, చివర ఒక్కమారు నిండుగా పీల్చుట చాలును. తల తేలికగా తిరిగినట్లు, వేళ్లు తిమ్మిరెక్కినట్లు తోచినచో అది సిద్ధపడుట కాదు, అతిగా పీల్చినట్లు, ఆగి, విశ్రమింపవలెను.

బొగ్గుపులుసు వాయువును సహించుటకు ఒక పట్టిక నుపయోగింతురు. తాను గరిష్ఠముగా బిగబట్టగల కాలములో సగము తీసికొని, అంతసేపు మాత్రమే బిగబట్టవలెను. మొదట నడుమ విశ్రాంతి 2 నిమిషములు. తరువాత ఒక్కొక్క ఆవృత్తికి 15 సెకండ్లు తగ్గింపవలెను. బిగబట్టు కాలము మాత్రము మార్పరాదు. ఈ అభ్యాసము పక్కపైనో చాపపైనో చేయవలెను గాని, నీటిలో, స్నానపు తొట్టిలో గాని, బండి నడుపుచు గాని చేయరాదు. కొన్ని వారములకు అదే తహతహ అంత భయపెట్టదు. శరీరము మారుట కొంత, దానితో మనకు పరిచయము కలుగుట కొంత. మూర్ఛ, గుండెజబ్బు, ఉబ్బసము గలవారును, గర్భిణులును ఈ జోలికి పోరాదు. తక్కినవారును ముందుగా వైద్యుని చూచుట మంచిది.

తహతహకన్న ముందు అడ్డుపడునది చెవి. కర్ణభేరికి లోపలివైపున గాలి గది యొకటి కలదు. దానికి గొంతునుండి సన్నని నాళము పోవును. ఒకటి రెండు మీటర్లు దిగుసరికే వెలుపలి ఒత్తిడికి కర్ణభేరి లోనికి వంగి నొప్పి పుట్టును. ముక్కు మూసికొని గాలిని నెమ్మదిగా చెవులలోనికి నెట్టినచో రెండువైపులు సమమగును. ఇటలీ వైద్యుడు వల్సాల్వా చెప్పిన ఈ పద్ధతి మూడు శతాబ్దములకు పైగా వాడుకలో నున్నది. తల క్రిందుగా దిగువానికి రొమ్ముతో నెట్టుట కష్టము. వాడు నాలుకనే ముషలకముగా చేసి గొంతులోని గాలిని మాత్రమే నెట్టవలెను. జర్మను వైద్యుడు ఫ్రెంజెలు పేరిట పిలువబడు ఈ పద్ధతిని అద్దము ముందు కూర్చుండి ఇంటనే అభ్యసింపవచ్చును. నొప్పి పుట్టకముందే, అడుగడుగున సర్దుకొనవలెను. సర్దుబాటు కానప్పుడు బలముగా ఊదక, వెనుకకు రావలెను. కర్ణభేరి చిరిగినచో చల్లని నీరు లోనికి పోయి, తల తిరిగి, పైయేదో క్రిందేదో తెలియకుండ పోవును. జలుబు ఉన్ననాడు మునుగరాదు. మన పల్లెలలో ఈతకు ముందు చెవులలో నూనెదూది పెట్టుకొను అలవాటు కలదు. నీటిపై ఈదువానికి ఎట్లున్నను మునుగువానికి అది కీడు. ఒత్తిడికి దూది లోనికి దిగబడును. ఈతకద్దములు కూడ లోతునకు పనికిరావు, కన్నులను గట్టిగా లాగును. ముక్కును కూడ కప్పు ముసుగైనచో ముక్కుతో కొంచెము గాలి విడిచి లాగుడు తగ్గించుకొనవచ్చును.

మనస్సు సంగతికి వత్తము. దేహము బరువులో మెదడు నూటికి 2 పాళ్లు మాత్రమే. కాని విశ్రాంతిగా నున్న శరీరము నిమిషమునకు ఖర్చు చేయు సుమారు 250 మిల్లీలీటర్ల ప్రాణవాయువులో అయిదవవంతు దానికే కావలెను. భయపడినవానికి గుండె వడిగా కొట్టుకొనును, కండరములు బిగియును, ఉన్నదంతయు వేగముగా ఖర్చగును. అందుచేత నెమ్మదియే మునిగినవాని పొదుపు. గురువులు మొదట నేర్పునది అరికాలినుండి నుదురువఱకు ఒక్కొక్క అంగమును తలచుకొని వదులు చేయుట. శవాసనము తెలిసినవారికి ఇది పాతదే. తహతహ పుట్టిన కొంతసేపటికి ఉదరవితానము తనంతట తాను ఎగిరిపడుట మొదలిడును. క్రొత్తవానికి అది చావు దాపురించినట్లుండును. నేలపై ఎన్నోమార్లు దానిని చూచియున్నవాడు, ఇది బూడిద పేరుకొనుట, పైకి తిరుగుటకు వేళయైనది అని గుర్తించును.

ఆ గుర్తించుటయే మానసిక శిక్షణకు సారము. పంటి బిగువున తహతహను అణచివేయుటయే సాధన యని మనవారిలో ఒక భ్రమ కలదు. మంచి గురువులు అట్లు చెప్పరు. దిగకముందే ఎంత లోతు, ఎచ్చట తిరుగవలెను అనునది నిర్ణయించుకొని, ఎంత హాయిగా నున్నను ఆ చోటనే తిరుగవలెను. కష్టపడి అందుకొన్న లోతును పలుమార్లు సునాయాసముగా చేసిన పిదపనే మఱియొక మీటరు కలుపవలెను. పైకి చూచుచు, ఇంకెంత దూరమని కొలుచుచు ఎక్కరాదు. త్రాటిని చూచుచు ఎక్కవలెను. రెండు మునకల నడుమ కనీసము మునిగిన కాలమునకు రెట్టింపు విశ్రాంతి కావలెను. లోతునకు తోడ్పడునది, క్షేమమునకు తోడ్పడునది వేర్వేఱుగా లేవు. వదులైన కండరము, సర్దుకొన్న చెవి, ముందుగా చేసికొన్న నిర్ణయము రెంటికిని పనికివచ్చును.

ఇంత నేర్చినను ఒంటరితనమునకు విరుగుడు లేదు. రష్యా దేశపు నతాల్యా మొల్చానొవా స్త్రీలలో సాటిలేని మునకకత్తె. 2013లో 9 నిమిషముల 2 సెకండ్లు ఊపిరి బిగబట్టినది. ప్రపంచ రికార్డులు డజనుల లెక్కన గలది. ఆమె 2015 ఆగస్టులో స్పెయిను దేశపు ఫోర్మెంతెరా ద్వీపము వద్ద, ఆమెకు అతి సామాన్యమైన లోతునకు మునిగి, తిరిగి రాలేదు. కనుక ఇద్దఱు కలిసి పోయినప్పుడు ఒకడు మునుగవలెను, ఒకడు పైన చూచుచుండవలెను. ఇద్దఱు ఒకేమారు మునుగరాదు. పైన నున్నవాడు తోటివానిని చేరి ఎత్తగల శక్తి గలవాడై యుండవలెను. మునిగినవాడు తల ఎత్తిన తరువాత కూడ 30 సెకండ్లు వాని ముఖము నుండి చూపు మరల్పరాదు. పెదవులు నీలమగుట, తల వణకుట, పలుకరించిన పలుకకుండుట కనబడినంతనే పట్టుకొనవలెను.

మన చెరువులలో ఈ సాధన ఏల తగదో చెప్పుట మిగిలియున్నది. చెరువు నీరు పచ్చగా, మసకగా నుండును. చేయి చాచిన దూరమున నున్న తోడు కనబడడు. లోతు కట్ట దగ్గఱ, తూము దగ్గఱ ఎక్కువ. తూము తెఱచియున్నప్పుడు నీరు మనిషిని లాగివేయును. మట్టి త్రవ్వుకొని పోయినచోట గోతులుండును, అడుగున మెత్తని ఒండ్రు ఉండును. గుఱ్ఱపుడెక్క తీగెలు, తెగిన వలలు, నిమజ్జనము చేసిన విగ్రహముల కట్టెలు, ఇనుపకమ్ములు కాలికి తగులును. క్వారీ గుంటకు అంచు నిలువుగా నుండును గనుక పట్టుకొని ఎక్కుటకు ఆధారముండదు. 2022 నవంబరులో జవహర్‌నగర్ ప్రాంతపు మల్కారము వద్ద చెరువులో ఐదుగురు బాలురును, వారిని కాపాడబోయిన ఉపాధ్యాయుడును మరణించిరి. 2025 జనవరి 11న శామీర్‌పేట మీదుగా పోవు రాజీవ్ రహదారికి చేరువనే నున్న కొండపోచమ్మ సాగరమున హైదరాబాదు యువకులు ఐదుగురు మునిగిపోయిరి. వారు ఎవరును ఊపిరి పందెము వేసినవారు కారు. నీరు అట్టిదని చెప్పుటకే ఈ ప్రస్తావన. ఈత రాని చోట మునక మాటే లేదు. అభ్యసింపగోరువారు కాపలాదారు ఉన్న ఈతకొలనులో, అతనికి ముందుగా చెప్పి, తోడుతో చేయవలెను. లోతునకు పోదలచినవారు సముద్రతీరమున అర్హతగల శిక్షకుని ఆశ్రయింపవలెను.

తెలివి తప్పినవానిని ముందుగా వెల్లకిల త్రిప్పి, ముఖము నీటిపై నిలుపవలెను. ముసుగు తీసి, చెంపపై తట్టి, పేరు పెట్టి పిలిచి, కన్నులపై ఊదవలెను. ఊపిరి తీయుమని చెవిలో చెప్పవలెను. చాలమార్లు ఇంతటితోనే ఊపిరి అందుకొందురు. అందుకొననిచో గట్టునకు చేర్చి, గట్టినేలపై పరుండబెట్టి, గడ్డమెత్తి, ముక్కు మూసి, నోటితో రెండుమార్లు గాలి ఊదవలెను. అప్పటికిని కదలిక, ఊపిరి లేనిచో రొమ్ము నడుమ రెండు చేతులతో నిమిషమునకు 100 నుండి 120 మార్లు, రెండంగుళములు దిగునట్లు నొక్కవలెను. ముప్పది నొక్కులకు రెండు ఊపిరులు. పల్లెలలో నీరు కక్కించుటకని కాళ్లు పట్టి వ్రేలాడదీయుట, పొట్ట నొక్కుట, గిరగిర త్రిప్పుట కలదు. ఇవి కూడవు. ప్రాణవాయువు లేక నాలుగైదు నిమిషములు గడిచినచో మెదడు చెడిపోవును. ఆ నిమిషములు ఇందులో పోవును, కడుపులోని నీరు ఊపిరితిత్తులలో చేరును. ఈత రానివాడు రక్షింపబోయి నీట దూకక, త్రాడో, గెడయో, చీరయో, మూత బిగించిన ఖాళీ డబ్బాయో అందింపవలెను.

ఒకరు ఇది చేయుచుండగా మఱియొకరు 108కు ఫోను చేయవలెను. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన ఈ అత్యవసర సేవకు ప్రధాన కార్యాలయము మేడ్చల్ రహదారిపై దేవరయాంజాలులోనే ఉన్నది. పిలిచినప్పుడు ఊరిపేరు మాత్రమే చెప్పిన చాలదు. ఏ చెరువు, కట్టకు ఏ కొస, బండి వచ్చుటకు దారి ఎటు అనునది చెప్పి, రహదారి మలుపు వద్ద ఒక మనిషిని నిలుపవలెను. లేచి కూర్చుండి, ‘నాకేమియు కాలేదు’ అనువానిని సైతము ఆసుపత్రికి తీసికొనిపోవలెను. ఊపిరితిత్తులలో చేరిన నీటి వలన కొన్ని గంటల తరువాత ఆయాసము పుట్టవచ్చును.